దయ్యాలూ, మా ఇంటి గడపా

ఇది ఇతిహాసం. ఎడారి నడుమ ప్రహరీగోడ, దండెత్తి వచ్చే ప్రేతసేన, గుమ్మంలో ఒంటరిగా ఒక వీరవనిత. సరే, అంత లేదులెండి. సౌదీలోని దమ్మామ్‌లో నాన్న కంపెనీ ఇచ్చిన కాంపౌండు ఇల్లు, హాలోవీన్ పూట దుప్పట్లు కప్పుకొన్న పిల్లలు, గరిజెల, అదే కజ్జికాయల, పళ్లెంతో మా అమ్మ.

నా చిన్నప్పుడు హాలోవీన్ ఆ గోడలు దాటేది కాదు. బయట తెలిస్తే బాగుండదని దయ్యాలం కూడా మెల్లగానే అరిచేవాళ్లం. ఏ ఇంటి ముందైనా సంచి చాపితే చాక్లెట్ పడేది. మా ఇంట్లో అలా కుదరదు. అమ్మది జగిత్యాల వైపు పల్లె. గడపకు అటూ ఇటూ నిలబడి ఇచ్చిపుచ్చుకోవడం ఆమె లెక్కలో అరిష్టం.

“అవుతల నిలబడి తీస్కుంటరా బిడ్డా? లోపటికి రాండ్రి. మాస్కులు తీసి తినుండ్రి.”

ఏ దయ్యానికీ తెలుగు రాదు. అయినా చెప్పులు విడిచి, సోఫాలో బుద్ధిగా కూర్చుని, కొబ్బరి పొడి ఒలకబోసుకుంటూ గరిజెలు తినేవి. వెళ్లేముందు అమ్మ ఉప్పూ మిరపకాయలతో అందరికీ దిష్టి తీసేది. దయ్యాలకు దిష్టి ఏమిటని అడిగితే, “నీ మొకానికైతే తగలది గని, పక్కకు జరుగు” అనేది.

ఇప్పుడు వేషాలన్నీ మాల్‌కు వెళ్లిపోయాయి. అక్కడ లైట్లు, పాటలు, సెల్ఫీలు. మా వీధిలో తలుపు కొట్టేవాళ్లే లేరు. అయినా ఈసారి అమ్మ పొద్దున్నుంచీ గరిజెలు వత్తింది. నాన్నకు ఫైనల్ ఎగ్జిట్ పడింది, ఇక సౌదీ వదిలి ఊరికే; వచ్చే నెల ఇల్లు ఖాళీ చేయాలి. పోయేలోపు ఒక్క దయ్యమైనా రావాలని ఆమె ఆశ.

పొద్దుగూకి మగ్రిబ్ బాంగు అయింది. ఎవరూ రాలేదు.

“నేను దుప్పటి కప్పుకొని రానా?” అన్నాను.

“నిన్ను రోజూ చూస్తనే ఉన్న.”

అప్పుడు బెల్ మోగింది. వెనక వీధి పాకిస్తానీ వాళ్ల పాప, నెత్తిన మంత్రగత్తె టోపీ.

“అందర్ ఆ బేటా,” అంది అమ్మ.

“నహీ ఆంటీ, అమ్మీ గాడీ మే హై. మాల్ జానా హై. జల్దీ!”

వాళ్లమ్మ కారులో ఉందట, త్వరగా మాల్‌కు పోవాలట. సంచి గడపకు అటు, పళ్లెం ఇటు. కారు హారన్ కొట్టింది. పాప వెనక్కి తిరిగింది. అమ్మ చెప్పులైనా వేసుకోకుండా గడప దాటి, తనే బయటికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. పాప అక్కడే ఒక గరిజ కొరికింది. చేతిలో ఉప్పు లేదు కాబట్టి అమ్మ ఆ టోపీ చుట్టూ చేతులు తిప్పి మెటికలు విరిచింది. నా కళ్లు చెమర్చాయి. దమ్మామ్ ఉక్కలో అన్నీ చెమరుస్తాయి.

వెనక తలుపు టప్పుమంది. మా తలుపు మూసుకుంటే దానంతటదే లాక్ పడుతుంది; తాళంచెవి లోపలే. మారు తాళంచెవి ఉన్న మెయింటెనెన్స్ వాళ్లు రాత్రి ఇషా నమాజు అయ్యాకే వస్తారు.