ముడిముడికీ పసుపు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పసుపు రెండు చోట్ల ఉండేది. ఒకటి దేవుడి గూట్లో, ఇంకొకటి నాన్న నడిపే లారీలో, స్టీరింగ్ పక్కన చిన్న డబ్బాలో. నాన్న అశ్వారావుపేట వైపు తోటల నుంచి భద్రాచలం దగ్గరి కాగితం మిల్లుకి జామాయిల్ కర్ర తోలేవాడు. ఆ లారీకి పక్క పలకలు ఉండవు. బెరడు తీసిన దుంగలను పొడవుగా పేర్చి, పైనుంచి మోకులు వేసి బిగించి కట్టడమే.

దారిలో దట్టమైన అడవి మొదలయ్యే చోట, దిగుడు రోడ్డుకి కాస్త ముందు, ముత్యాలమ్మ గద్దె ఉంది. దాని పక్కనే గూడెం అవ్వ ఒకామె కూర్చుని ఉండేది. కర్ర లారీ ఏది వచ్చినా ఆపి, కొబ్బరికాయ కొట్టించి, డ్రైవరు చేత బండి చుట్టూ ప్రదక్షిణ చేయించేది. ఊరికే తిరిగితే ఒప్పుకునేది కాదు. మోకులన్నీ చేత్తో పట్టుకుని, ప్రతి ముడికీ పసుపు పెట్టాలి. ఒక్క ముడి తప్పినా అమ్మవారికి కోపం వస్తుందని బెదిరించేది. డ్రైవర్లు ఆమెను చెక్‌పోస్టు అవ్వ అని నవ్వుకునేవారు. నవ్వుకుంటూనే దిగేవారు.

ఒక వానాకాలం మా తమ్ముడికి మలేరియా వచ్చి మెదడుకెక్కింది. కళ్లు తేలవేసి, ఒళ్లంతా కొయ్యబారిపోయేది. వెంటనే భద్రాచలం దవాఖానాకు తీసుకుపొమ్మన్నారు. ఫోన్ చేస్తే వచ్చే అంబులెన్సులు అప్పటికి మా వైపు లేవు. వాగు పొంగి బస్సులు ఆగిపోయాయి. వాగుకు ఇవతల ఉన్నది నాన్న లారీ ఒక్కటే, అదీ నిండా లోడుతో. దింపాలంటే పూటంతా పడుతుంది. అలాగే బయలుదేరాం. తమ్ముడిని ఒళ్లో వేసుకుని అమ్మ కేబిన్‌లో వెనక రేకుకి ఆనుకుని కూర్చుంది. పక్కన నేను. బడికి పోని నాకు అక్షరాలూ స్తోత్రాలూ ఇంట్లో నేర్పింది అమ్మే. ఆ దారంతా ఇద్దరం వచ్చినవన్నీ చదువుతూనే ఉన్నాం.

ఈసారి ఆగేది లేదని నాన్న ముందే అన్నాడు. అవ్వకు అది దూరం నుంచే తెలిసిపోయినట్టుంది. రోడ్డు మధ్యకు వచ్చి చేతులు చాచి నిలబడింది. అక్కడ ఎక్కుడు రోడ్డు కాబట్టి బండి మెల్లగానే ఉంది. ఆపక తప్పలేదు.

"జరుగవ్వా! పోరడు సచ్చిపోతుండు, జల్దీ దవాఖానకు పోవాలె!"

"అవ్, కనవడుతుంది. దిగు."

"వాపసొచ్చేటప్పుడు రెండు కాయలు కొడత. జరుగు!"

"కాయ నాకెందుకురా? ముడులకు పసుపు వెట్టి పో."

ఎన్నడూ ఎవరినీ ఒక మాట అని ఎరుగని మా అమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది. "నీకు పిల్లలు లేరా ముసల్దానా? నా కొడుకు పోతే నీ ముత్యాలమ్మ తెచ్చిస్తదా?" అవ్వ చాచిన చేతులు దించలేదు. కదలనూ లేదు.

నాన్న పసుపు డబ్బా లాక్కుని తిట్టుకుంటూ దిగాడు. భయంతో నేనూ వెనకే దిగాను. మొదటి ముడి మీద వేలు పెట్టగానే మోకు వేలాడింది. నాన్న తిట్లు ఆగిపోయాయి. రెండో మోకూ అంతే. పైకెక్కి చూశాడు. రాత్రంతా తడిసిన దుంగలు సర్దుకుని కట్టు వదులైంది. దారిలో వేసిన బ్రేకులకు నున్నటి దుంగలు నాలుగైదు మిగతావాటిని దాటి ముందుకు జారి, కేబిన్ వెనక రేకును ముట్టుకుంటున్నాయి. ఆ రేకుకు ఇవతలే అమ్మ తల.

వాటిని వెనక్కి నెట్టడం ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. మొనలకు అడ్డంగా ఇంకో మోకు వేసి, మోకుల్లో కర్ర దూర్చి మెలి తిప్పుతూ బిగించాడు. మెలి వదలకుండా కర్రను నేనూ అవ్వా పట్టుకున్నాం. లోపల తమ్ముడికి మళ్లీ ఫిట్స్ వచ్చాయి. అమ్మ ఏడుపు వినపడుతోంది. నాకు ఒక్క స్తోత్రమూ గుర్తుకు రాలేదు. "తమ్ముడు బతుకుతడా అవ్వా?" అని అడిగాను.

"గట్టిగ వట్టుకో బిడ్డా. ఇడ్వకు," అంది.

దిగుడులో మలుపు తిరగగానే రోడ్డు నిండా పశువులు. నాన్న బ్రేకు మీద నిలబడ్డాడు. వెనక లోడంతా ఒక్కసారి ధడేలున కదిలింది. రేకు మూలిగింది, లోపలికి సొట్ట పడింది. కట్టు మాత్రం ఆగింది. నాన్న ఒక్క క్షణం స్టీరింగ్‌కి నుదురు ఆనించి, మళ్లీ బండి కదిలించాడు.

దేవుడి దయ, దవాఖానా వాళ్ల చేతి చలవ, తమ్ముడు దక్కాడు.

ఇంటికి తిరిగి వస్తూ అమ్మ చీర, గాజులు పట్టుకుని అవ్వ కాళ్ల మీద పడింది. మీ ముత్యాలమ్మ పసుపు అడగబట్టే బతికామని చెప్పింది. అవ్వ ఆమెను లేపి, చీర పక్కన పెట్టి, చాలా మామూలుగా అంది:

"అమ్మ ఏమడుగుతది బిడ్డా? ఆమె కాయ గూడ అడగదు. నేనే అడుగుత. నా కొడుకు గూడ గీ కర్రనే తోలిండు. గా మలుపుల బ్రేకు కొడితె లోడంత కేబిన్లకొచ్చింది. ఆనాటి సంది బండ్లను ఆపి, మోకులు సూసుకోండ్రి అయ్యా అని మొత్తుకున్న. ఒక్కడు దిగలే. అమ్మ పేరు జెప్తె దిగిండ్రు."

అమ్మ అవ్వ చేతులు పట్టుకుంది. "పిల్లలు లేరా అన్నాను నిన్ను" అని మాత్రం అనగలిగింది. తర్వాత ఇద్దరూ ఆ గద్దె ముందే చాలాసేపు కూర్చున్నారు.

లారీలో నేను అమ్మను అడిగాను, దేవత పేరు మీద అలా చెప్పడం అబద్ధం కాదా అని. అమ్మ ఆలోచించి, "గద్దె మీది రాయి లేచి రోడ్డు మీదికి రాలేదు కదమ్మా, అందుకే ముత్యాలమ్మ అవ్వను పంపింది" అంది. అది నిజమో కాదో తేల్చే చదువు నాకు లేదు. కానీ ఆ రోజు నుంచి నా దండంలో ఒక మాట కొత్తగా చేరింది. నా పిల్లలు బయటికి వెళ్లేటప్పుడు కాపాడు తల్లీ అని అడిగే ముందు ఇలా అడుగుతాను: వాళ్లు తొందరలో ఉన్నప్పుడు ఎవరినైనా అడ్డం పంపు తల్లీ, వాళ్లు ఎంత తిట్టినా జరగని మనిషిని.