అన్న పేరుతో వచ్చిన మెయిల్

ఎల్బీ నగర్‌లో ఒక ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. బాటసింగారం పండ్ల మార్కెట్ నుంచి లోడ్ల కాయితాలన్నీ మెయిల్‌లోనే వచ్చేవి. ఒకసారి ఎవరో పంపిన ఫైలు తెరవగానే వైరస్ పాకి బుకింగులన్నీ ఆగిపోయాయి. అప్పుడే ఫిల్టర్ పెట్టించాం. మెయిల్‌తో వచ్చే ఫైళ్లలో అనుమానం ఉన్నవాటిని అది ఆపేస్తుంది. వాటిని వదలాలా, తీసేయాలా అన్నది నేను చూడాలి.

మా బిల్లింగ్‌లో ఒక అక్క ఉండేది. నల్లగొండ దిక్కు ఊరు, చంపాపేట్‌లో కిరాయికి ఉండేవాళ్లు. వాళ్ల అన్న మార్కెట్‌లో గుమాస్తా. మాకు కాయితాలు పంపేది ఆయనే. మామిడి లోడ్లు జోరుగా నడుస్తున్న రోజుల్లో గుండె ఆగి పోయాడు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున అక్క నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది.

“మా అన్న మెయిల్ వచ్చింది తమ్మీ. ఫోటోలు పంపిన అని ఉన్నది. ఫైలు ఆపిన్రంట. జర వదులు.”

“గది అన్న పంపింది కాదక్కా. ఎవరో పాస్‌వర్డ్ కొట్టేసి ఆయన పేరు మీద పంపుతున్నరు.”

“అమ్మతోని దిగిన ఫోటోలు పంపుతా అన్నడు. అప్పుడు పంపింది ఇప్పుడు వచ్చిందేమో.”

మాటలతో నమ్మేలా లేదు. నెట్ లేని పాత కంప్యూటర్లో ఆ ఫైలు పెట్టి, పక్కన కూర్చోబెట్టి చూపించాను. పేరు మాత్రమే ఫోటోలు. లోపల ఉన్నది వైరస్‌ను నడిపించే ప్రోగ్రాం ఒక్కటే.

“ఒక్క ఫోటో గూడ లేదా?”

“లేదక్కా.”

తెర మీద ఆ ఫైలు పేరు ఇంకోసారి చదివింది. తర్వాత, “మా వదినకు గూడ పోయి ఉంటదా?” అని అడిగింది.

“పోవచ్చు.”

అక్కడే ఫోన్ చేసింది. “వదినా, అన్న పేరు మీద మెయిల్ వస్తే తెరవకు. గది అన్న పంపింది కాదు.” అవతల ఏడుపు నాకూ వినపడుతోంది. అక్క ఏడవలేదు. అదే మాట మెల్లగా మళ్లీ చెప్పింది.

అలాంటి ఫైళ్లు తీసేయడానికి నేను ఎవర్నీ అడగను. ఆ రోజు అడిగాను.

“తీసెయ్” అంది.

ఫోటోల కోసం వదిన ఆయన ఫోనంతా వెతికింది, దొరకలేదు. అన్న డెత్ సర్టిఫికెట్ జతచేసి, ఆ మెయిల్ ఖాతా మూసేయమని మెయిల్ కంపెనీకి ముగ్గురం కలిసి రాశాం. మూసేశామని జవాబు వచ్చిన రోజు అక్క సెలవు పెట్టి, తల్లి దగ్గరికి ఊరికి పోయింది.