బిజినేపల్లిలో గుర్రం ఈనిన రోజు

గుర్రాలంటే నాకు ఎంత ఇష్టమో అంత భయం. బిజినేపల్లి దగ్గర ఒక రైతు ఒకే ఒక్క ఆడగుర్రాన్ని పెంచుతాడని, రెండేళ్లకొక పిల్లను మాత్రమే కననిస్తాడని, ఆ పిల్లను సాకగలిగిన మనిషి దొరికితేనే ఇస్తాడని విని, చూసొద్దామని బయలుదేరాను. ఆయన పేరు బాలకిష్టయ్య. తెలియని ఊరికి ఒక్కడినే వెళ్లడానికి జంకి, బిజినేపల్లి బస్టాండుకు ఎదురు రమ్మని ముందు రోజు వాళ్ల ఊరి ఎస్టీడీ బూత్‌కు ఫోన్ చేసి బతిమాలుకున్నాను.

హైదరాబాదులో ఐదున్నరకు బస్సెక్కి, జడ్చర్లలో దిగి, తిమ్మాజిపేట మీదుగా నాగర్‌కర్నూల్ వెళ్లే బస్సు పట్టుకోవాలి. రెండింటికీ కలిపి డెబ్బై రూపాయలు దాటలేదు. తొమ్మిదికల్లా చేరాల్సింది, దారిలో టైరు పంక్చరై పదిన్నర అయింది. బాలకిష్టయ్య ఏడున్నర నుంచీ అక్కడే నిలబడి ఉన్నారు. ఆటోలో గుర్రం సంగతి అడిగితే, "సూలుతోనుంది సార్. ఇంక పది దినాలైతది" అన్నారు.

ఇంటి ముందు ఆటో దిగగానే ఆయన అక్క మణెమ్మ సంబరంగా ఎదురొచ్చింది. "నువ్వటు పోంగనె ఈనింది తమ్మీ. పిల్ల లేసి పాలు గూడ తాగింది." ఆయన నవ్వబోయి ఆగిపోయారు. ఈనగానే పడిపోవాల్సిన మావి గుర్రం వెనకాల సగం వేలాడుతోంది. దాని కొసకు ఒక పాత చెప్పు కట్టి ఉంది.

"ఇదేందక్కా?"

"బరువుకు జారుతదని కట్టిన. మన బర్రెకు గట్లనే కడ్తం గద. సాయంత్రానికి పడ్తది తియ్యి."

"ఇది బర్రె కాదక్కా. మూడు గంటలల్ల పడకుంటె పానానికే వస్తది. గుంజితె లోపల తెగుతది."

బాలకిష్టయ్య చెప్పు విప్పి, గుర్రం తొక్కకుండా మావిని పైకి ముడేశారు. "సార్, జర గదే ఆటోల పోయి పశువుల డాక్టరును తోల్కరాండ్రి. దీన్ని ఇడిసిపెట్టి నేను రాలేను."

నేను రమ్మనకపోతే ఈయన ఇంట్లోనే ఉండేవారు కదా అన్నదొక్కటే దారి పొడవునా బుర్రలో తిరిగింది. డాక్టరు దవాఖానలో లేరు, పక్క ఊళ్లో గొర్రెలకు టీకాలు వేస్తున్నారు. వెతికి తీసుకొచ్చేసరికి ఒంటిగంటయింది.

సూదులు వేసి, సెలైన్ ఎక్కించాక గంటకు మావి జారింది. డాక్టరు దాన్ని గోనెపట్టా మీద పరిచి వేళ్లతో తడిమి చూశారు. "ఒక కొస లేదు. లోపలనే ఉండిపోయింది." మణెమ్మ "నా చేతులిరగ" అంటూ గోడకు జారగిలబడింది. లోపల కడిగి, ఆ ముక్క తీసి, మందులిచ్చి డాక్టరు అన్నారు: "లోపలి విషం గుర్రానికి గిట్టలకు దిగుతది. రెండు రోజులు గిట్టలు పట్టి సూస్తుండు. వేడెక్కినయంటె కష్టం." బాలకిష్టయ్య అక్కడే కూర్చుని ఒక గిట్ట మీద అరచెయ్యి ఆనించారు. ఎక్కడ తంతుందోనని భయమున్నా నేనూ పక్కన కూర్చుని చెయ్యి పెట్టాను. చల్లగానే ఉంది. నాలుగు గంటల బస్సుకు తిరిగొచ్చేటప్పుడు పిల్లను ఎవరికిస్తారని నేను అడగలేదు.

గుర్రప్పిల్ల పుట్టిన ఇంట్లో ఇంత భయం ఉంటుందని నాకు తెలియదు. రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు. మూడో రోజు పొద్దున ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ వచ్చింది. "నాలుగు గిట్టలు సల్లగనె ఉన్నయి సార్" అన్నారు బాలకిష్టయ్య.

మీరు వెళ్తే బిజినేపల్లిలో దిగి ఆటో మాట్లాడుకోండి, ముప్పై రూపాయలకు ఇంటి ముందే దింపుతారు. చూలు గుర్రం పక్క నుంచి దాని మనిషిని మాత్రం కదిలించకండి.