చెరువు కాపలాలో చదివిన పుస్తకాలు

వేసవి సెలవుల్లో పిల్లల చేత పుస్తకాలు చదివించడం ఎలాగో నాలుగు మాటలు రాసివ్వమని ఏటా ఏప్రిల్‌లో ఏదో ఒక బడివాళ్ళు నన్ను అడుగుతారు. తాడేపల్లిగూడెంలో చాలా ఏళ్ళు గ్రంథాలయంలో పనిచేశాను కాబట్టి అడుగుతారు. ఇన్నాళ్ళూ ఏదో ఒకటి రాసిచ్చాను. ఈ ఏడు రాయలేకపోయాను. ఆ పని నిజంగా తెలిసిన మనిషి మా అక్క. నిరుడు వానాకాలంలో పోయింది. ఆమె చేసింది, నేను కళ్ళతో చూసింది, ఇక్కడ రాస్తున్నాను. ఇందులో సలహా ఏమైనా ఉందేమో నాకు తెలియదు.

అక్క కొల్లేటికోట దాటాక ఒక లంక ఊళ్ళో హైస్కూలు టీచరు. రెండు వేల సంవత్సరం తర్వాతి మాట. ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టించడానికి ఇంకా నాలుగైదేళ్ళు ఉంది. అప్పటికి కొల్లేరు సరస్సులో నడవగలిగిన చోటల్లా గట్లే. బడి మూసిన మర్నాటి నుంచి పిల్లలు ఆ గట్ల మీద కాపలాకి వెళ్ళేవారు. చేపల కోసం దిగే నీటికాకుల్ని తోలడం వాళ్ళ పని. తోలడం అంటే అరవడం కాదు. ఉండేలుతో కొట్టాలి, టపాకాయలు పేల్చాలి. చచ్చిన పక్షిని కర్రకి తలకిందులుగా కట్టి గట్టు మీద పాతేవారు, మిగతావి చూసి భయపడాలని. ఏడో తరగతి కుర్రాడికి టపాకాయ చేతిలో పేలి రెండు వేళ్ళు పోయాయి. కాపలాలో కునుకు తీసి దెబ్బలు తినని పిల్లలు ఆ ఊళ్ళో లేరు. జూన్‌లో బడి తెరిచాక అక్క ముందు వాళ్ళ వీపులు చూసి, తర్వాత హాజరు పిలిచేది. ముగ్గురో నలుగురో అసలు తిరిగి వచ్చేవారే కాదు. వచ్చినవాళ్ళు అక్షరాలు కూడబలుక్కునేవారు.

బడిలో ఒక బీరువా నిండా పుస్తకాలుండేవి. హెడ్మాస్టరుగారు తాళం తీసేవారు కాదు.

"పిల్లలు చింపేస్తారండి," అన్నారాయన.

"చదివి చింపితే చింపనివ్వండి. చెదలు చదవకుండానే తినేస్తున్నాయి కదండీ," అంది అక్క.

తాళంచెవి తీసుకున్నాక గట్ల వెంట తిరిగి తండ్రుల్ని అడిగింది. ఆ మొదటి వేసవికి నేనూ వెంట ఉన్నాను. మకాం అంటారు, గట్టు మీద కాపలా గుడిసెని. అలాంటి ఒక మకాం ముందు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు.

"పిల్ల పుస్తకం చూస్తుంటే చెరువెవరు చూస్తారండి?" అన్నాడొకాయన.

"నిద్రపోతుంటే ఎవరు చూస్తున్నారండి? పుస్తకం చేతిలో ఉంటే నిద్ర రాదు."

"మాకు పుస్తకం చూస్తేనే నిద్రొచ్చుద్దండి."

"మీకు చదువు చెప్పింది నేను కాదుగా."

అందరూ నవ్వారు. పిల్ల మేలుకుని ఉంటుందన్న ఒక్క మాట మీద ఒప్పుకున్నారు. వేరే ఏ మాట చెప్పినా ఒప్పుకునేవారు కాదు. కానీ మేలుకోవడం వేరు, నీళ్ళు చూడడం వేరు. ఆ తేడా అక్కకి తట్టలేదు, నాకూ తట్టలేదు.

వారానికొక పుస్తకం. ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలోకి వచ్చి నోటితో కథ చెప్పాలి. రాయక్కర్లేదు. ఒకటే షరతు: చివర చెప్పకూడదు. చివర కావాలన్నవాళ్ళు ఆ పుస్తకం తీసుకెళ్ళి చదువుకోవాలి. పుస్తకం ఒకటే ఉండేది, కావలసినవాళ్ళు పదిమంది. జుట్లు పట్టుకునేవారు. ఒకసారి ఒక పిల్ల మరో పిల్ల చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. "కొరకండమ్మా, కొరకండి. పుస్తకం మాత్రం కొరక్కండి," అంటూ అక్క అయోడిన్ సీసా తీసింది. నేను ఏలూరులో పాత పుస్తకాల కొట్లలో దొరికినవి సంచుల్లో వేసుకుని బస్సులో, తర్వాత పడవలో తెచ్చేదాన్ని. రెండు వేసవులు అలా జరిగాయి. రెండో జూన్‌లో బడికి తిరిగి రాని పిల్లలు లేరు.

మూడో వేసవికి తొమ్మిదో తరగతి పూర్తిచేసిన అమ్మాయి ఒకతె ఉండేది. అందరికంటే ఎక్కువ చదివేది. తండ్రి ఒక పెద్ద చెరువుకి కాపలాదారు. చెరువు కౌలుకి తీసుకున్నాయన ఏలూరులో ఉండేవాడు, ఆయన మనుషులు మోటారు సైకిళ్ళ మీద వచ్చి చూసిపోయేవారు. వాళ్ళ వీధిలో ఆడపిల్ల ఎవరూ పదో తరగతికి పోలేదు. ఈ పిల్లని పంపడానికి తండ్రి అటూ ఇటూగా ఉన్నాడు. ఆ వేసవి బాగా గడిస్తే చాలని అక్క అనుకుంటూ ఉండేది.

మే నెలలో ఒకరోజు తెల్లవారినా మబ్బు వీడలేదు. గాలి లేదు. అలాంటి పూట చెరువు నీళ్ళలో చేపలకి ఊపిరి అందదు. పైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అది కనబడ్డ వెంటనే ఇంజను వేసి నీళ్ళు తిప్పాలి, డబ్బా కొట్టి పక్క చెరువుల వాళ్ళని పిలవాలి. ఆలస్యమైతే చెరువంతా పోతుంది.

నేనూ అక్కా తన క్వార్టరులో కాఫీ తాగుతుండగా డబ్బా మోత వినబడింది. జనం గట్టు మీద పరిగెత్తుతున్నారు. మేమూ వెళ్ళాం. దూరానికే తెల్లగా కనబడింది. శీలావతి, బొచ్చె చేపలు వెల్లకిలా తేలి ఒకదాని మీదొకటి గట్టుకి కొట్టుకుంటున్నాయి. కొన్నింటికి ఇంకా ప్రాణం ఉంది, నోళ్ళు ఆడుతున్నాయి.

మకాం ముందు ఆ తండ్రి పడవ నడిపే వెదురు గెడతో కూతుర్ని కొడుతున్నాడు. పిల్ల మోకాళ్ళ మీద ఉంది. పుస్తకం పక్కన మట్టిలో తెరిచి పడి ఉంది. గెడ వీపు మీద పడిన ప్రతిసారీ ఆమె నోట్లోంచి గాలి మాత్రం వచ్చింది, ఏడుపు రాలేదు. చేయి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను.

"ఆపండి! చచ్చిపోద్ది!" అని అక్క మధ్యలోకి వెళ్ళింది.

"పక్కకి రండి టీచరుగారూ, తగులుద్ది."

అప్పుడూ మర్యాదగానే అన్నాడు. మళ్ళీ గెడ ఎత్తాడు. అక్క పక్కకి రాలేదు. గెడ ఆమె కుడి చెవి మీద పడింది. ఆ చెవి ఆ తర్వాత ఎప్పుడూ వినబడలేదు.

అప్పుడే మోటారు సైకిళ్ళు వచ్చాయి. దిగిన మనిషి ముందు చెరువు చూశాడు. తర్వాత తండ్రిని పొట్టలో తన్నాడు.

"ఎవడ్రా కాపలా?"

తండ్రి కింద పడి ఉండగానే కూతురి వైపు వేలు చూపించాడు. "పిల్లకి అప్పజెప్పానండి. చదువుకుంటా కూర్చుందండి. టీచరుగారు ఇచ్చిన పుస్తకమండి."

ఆ మనిషి పుస్తకం తీసి, మట్టి దులిపి, దానితోనే పిల్లని చెంపల మీద నాలుగైదు సార్లు కొట్టాడు. జుట్టు పట్టి ముఖం చచ్చిన చేపల్లోకి వంచాడు. "ఏం కథే? చదువు. మేమూ వింటాం." చుట్టూ ముప్ఫై మంది ఉన్నారు. ఒక్కరు కదల్లేదు. నేనూ కదల్లేదు. అక్క చెవి నుంచి రక్తం జాకెట్టు మీదికి కారుతూ ఉండగా వెళ్ళి ఆ మనిషి చేతిలోంచి పిల్ల జుట్టు విడిపించింది, ఒక్కొక్క వేలూ విప్పి.

పిల్లని మా క్వార్టరుకి తెచ్చాం. చేతికి బద్దలు కట్టి, వీపు కడుగుతుంటే తనే చెప్పింది.

"నేను చదవలేదండి. నాన్నకి టీ తీసుకెళ్ళేసరికే చేపలు తేలాయండి. నాన్న తాగి పడుకున్నాడండి. ఇంజను హ్యాండిలు తిప్పడం నా వల్ల కాలేదు. డబ్బా కొట్టాను. జనం వస్తున్నారు. నాన్నని చంపేస్తారని భయమేసింది."

అంతకుముందు ఏడు పక్క చెరువులో చేపలు పోతే దాని కాపలాదారుని స్తంభానికి కట్టి రెండు కాళ్ళూ విరగ్గొట్టారు. ఊళ్ళో అందరికీ తెలుసు.

"మరి పుస్తకం?" అంది అక్క.

"మకాంలో ఉన్నది తెచ్చి చేతిలో పట్టుకున్నానండి. నాన్నని లేపి, 'గట్టిగా కొట్టు నాన్నా, అందరూ చూడాలి' అన్నానండి. ఇంత గట్టిగా కొడతాడనుకోలేదండి," అంది.

అక్క తడి బట్ట పక్కన పెట్టి లేచింది.

"చెప్పొద్దండి టీచరుగారండీ. మీరు చెప్తే నేను పడ్డ దెబ్బలు దండగండి."

మధ్యాహ్నం ఊరి పెద్దలు కూర్చున్నారు. కట్టుబాటు అంటారక్కడ. పెద్దలు ఒక మాట కడితే ఊరంతా దానికి లోబడాలి. కౌలుదారు మనుషులు కుర్చీల్లో కూర్చున్నారు. తండ్రి నేల మీద కూర్చున్నాడు.

నేను అక్క చెవిలో, వినబడే చెవిలో, నిజం చెప్పేయమన్నాను. నలభై మంది పిల్లల చదువు పోతుందన్నాను. తాగుబోతు కోసం ఎందుకన్నాను. అక్క లేచి నిలబడింది.

"కాపలాలో చదవమని చెప్పింది నేనేనండి. చదివితే మేలుకుంటారని మీ అందరికీ చెప్పాను. తప్పు నాది. ఆ పిల్లదీ కాదు, వాళ్ళ నాన్నదీ కాదు."

"పెద్ద చదువులు చదివినోరు," అన్నాడు కుర్చీలో మనిషి. "చేప నోరు తెరిస్తే ఎందుకో మీ పుస్తకంలో రాయలేదా అండి?"

నవ్వులు. ఊరి పెద్ద నవ్వలేదు. "టీచరుగారు ఆడమనిషి, గవర్నమెంటు మనిషి. ఆవిడ మీద మనం చెయ్యి వెయ్యకూడదు. ఆ పుస్తకాలు ఇక ఊళ్ళో ఉండటానికి వీల్లేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఏ పిల్లకీ పుస్తకం ఇవ్వకూడదు. మాటివ్వండమ్మా."

"ఇస్తాను. ఈ పిల్ల పదో తరగతికి రావాలి. మీరూ మాటివ్వండి."

"ఇంకా చదువేనా?" అని ఎవరో అన్నారు. తండ్రి తల ఎత్తకుండా, "పంపుతానండి," అన్నాడు.

చచ్చిన చేపల్ని పూడ్చడానికి గట్టు అవతల పెద్ద గొయ్యి తవ్వారు. పుస్తకాలూ అందులోనే అన్నారు. మోయడానికి పిల్లల్నే పెట్టారు. బీరువా దగ్గర నుంచి గొయ్యి దాకా పిల్లలు వరసగా నడిచారు. ఒక్కొక్కరూ వెయ్యాలి. వెయ్యనన్న కుర్రాడి చెవి మెలిపెట్టి వేయించారు. చేపల మీద పుస్తకాలు, వాటి మీద సున్నం, పైన మట్టి. నేను ఏలూరు నుంచి మోసుకొచ్చినవి కొన్ని గుర్తుపట్టాను. అక్క చివరిదాకా నిలబడి చూసింది.

జూన్‌లో ఆ అమ్మాయి చేయి ఇంకా సరిగ్గా అతుక్కోకుండానే బడికి వచ్చింది. పిల్లలు ఆమెని ఊరుకోలేదు. మట్టి పెళ్ళలు విసిరారు. "నీ వల్లే పుస్తకాలు పోయాయి," అంటూ విరిగిన చేతి మీద ఎత్తి కొట్టారు. చదువు కోసం ఒకరిని అంతగా ద్వేషించిన పిల్లల్ని నేను ఎరగను. ఆమె ఒక్కరికీ చెప్పలేదు. అక్కా చెప్పలేదు. ఆ అమ్మాయిని కొట్టినవాళ్ళని అక్క కొట్టడం మాత్రం ఒకసారి చూశాను. అంతకుముందు ఆమె ఏ పిల్ల మీదా చెయ్యి చేసుకోలేదు.

మరుసటి వేసవికి పిల్లలు ఉండేళ్ళు పట్టుకుని గట్ల మీదికి వెళ్ళారు. అయిదుగురు తిరిగి రాలేదు.

ఆ సెలవుల్లోనే, పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు నేను అక్క దగ్గరే ఉన్నాను. అమ్మాయి పాసైంది. ఎడమ చెయ్యి కొంచెం వంకరగా మిగిలింది. గుమ్మంలో నిలబడింది.

"టీచరుగారండీ, సెలవులే కదండీ. ఏదైనా ఒక పుస్తకం ఇస్తారా?"

లోపల బల్ల మీద నేను తెచ్చిన పుస్తకం ఉంది. ఆమె చూసింది. అక్క కూడా ఆమె చూడడం చూసింది.

"ఇవ్వకూడదమ్మా. మాటిచ్చాను."

"వాళ్ళకి ఇచ్చిన మాట ఏంటండీ? వాళ్ళేం మనుషులు?"

"వాళ్ళకి కాదు. నిజం చెప్పనని నీకిచ్చాను. పుస్తకం వల్లే చెరువు పోయిందన్న దాన్ని, మళ్ళీ నీకే పుస్తకం ఇస్తే ఆ రోజు నేను చెప్పిందంతా అబద్ధమని ఊళ్ళో వాళ్ళకి తెలిసిపోతుంది. మీ నాన్న ఇంకా ఆ చెరువు మీదే ఉన్నాడు."

అమ్మాయి గుమ్మం దాటి లోపలికి వచ్చింది. "అయితే చదివి చెప్పండి," అంది. "చివర కూడా చెప్పాలండి."

అక్క తలుపు దగ్గరగా వేసి, పుస్తకం తీసి, చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగా తగ్గించి చదివింది. అమ్మాయి అక్కకి వినబడే చెవి వైపు వచ్చి కూర్చుంది.