రాయి ఎండకుండా

మా పక్కింటివాళ్లు ఈ డిసెంబరులో పైన స్లాబు వేయించారు. అది ఆరిపోకుండా గోనెసంచులు పరిచి నీళ్లు పెట్టడానికి ఒక కూలి దంపతులను అక్కడే కాపురం ఉంచారు. క్రిస్మస్ ఉదయం చర్చి మైకులో పాటలు వినిపిస్తుండగా నేను పెరటి అరుగు మీద కూర్చుని ఉన్నాను. ఈ ఏడు మా అక్క పోయింది కనుక మా ఇంట్లో పండగ లేదు. పొయ్యి మీద నూనె మూకుడు పెట్టలేదు. పిల్లలు మాత్రం, నేను తిననని తెలిసి కూడా, కేకు తెచ్చి అట్టపెట్టెతో సహా బల్ల మీద పెట్టి చర్చికి వెళ్లారు. పైన ఆ కూలి మనిషి తన మొగుణ్ణీ పిల్లనూ ప్రార్థనకు పంపి, తాను పైపు పట్టుకుని గోనెల మీద నీళ్లు పోస్తోంది. కాసేపటికి తడి గోనె వాసన నా దాకా వచ్చింది. మార్కాపురం పలకల గనుల పక్కన పుట్టిన నా ఈడువాళ్లకు ఆ వాసన గురించి చెప్పనక్కర లేదు. మిగిలినవాళ్లకు చెప్పాలి.

అప్పుడు మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా. మా నాయన గనిలో పలకరాయి చీల్చేవాడు. గుంతలోనుంచి తీసిన రాయి పచ్చిగా ఉన్నంతవరకే పొరలుగా విడుతుంది. ఎండ తగిలి ఆరిందంటే బిగుసుకుపోతుంది, ఎంత పనితనం ఉన్నవాడు కొట్టినా ముక్కలవుతుంది గాని పలక కాదు. అందుకని తీసిన రాళ్ల మీద గోనెలు కప్పి, చీల్చేదాకా తడుపుతూ ఉండాలి. నీళ్లు ఆ గుంత అడుగునే ఊరేవి, మెట్లు దిగి కడవతో తెచ్చుకోవాలి. ఆదివారమైనా పండగైనా ఎవరో ఒకరు అక్కడ ఉండాల్సిందే. గనిలో పనిచేసేవాళ్లంతా మా పల్లెవాళ్లే, అందరూ గుడికి పోయేవాళ్లే, అంటే చర్చికి. మా వాళ్లు దాన్ని గుడి అనే అనేవాళ్లు. కాబట్టి తడిపే పనికి వంతులుండేవి. క్రిస్మస్ వంతు ఎవరికీ ఇష్టముండేది కాదు.

నా చిన్నతనంలో ఒక ఏడు తుపాను వానలకు గుంత ఒక పక్క జారింది. మా అన్న దాని కింద ఉన్నాడు. అన్న కూడా నాయన పక్కనే పనిచేసేవాడు, ఇంట్లో అప్పుడప్పుడే పెళ్లి మాట వినిపిస్తున్న వయసు. ఇంతకంటే దాని గురించి రాయను.

నాయన మళ్లీ ఆ గుంతకే పనికి పోయాడు, వేరే పని ఆయనకు రాదు. కాని గుడికి పోవడం మానేశాడు. గుడిలో మగవాళ్లు కుడి పక్కన చాపల మీద కూర్చునేవాళ్లు, నాయనా అన్నా ఎప్పుడూ కిటికీ కిందే కూర్చునేవాళ్లు. అన్న పోయాక ఆ చోటును జనం ఖాళీగా వదిలేశారు. అది మర్యాద అనుకున్నారు. ఆ మర్యాదే ఆయనను రానివ్వలేదని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. ఇంట్లో మాటలు తగ్గించాడు, మధ్యాహ్నం సంకటి గుంత దగ్గరికే తెప్పించుకునేవాడు, చీకటి పడితే గాని ఇల్లు చేరేవాడు కాదు. అమ్మకున్న దిగులు ఒకటే: క్రిస్మస్‌కు కూడా గుడికి రాకపోతే ఈ మనిషి ఇక ఎప్పటికీ రాడని, గుడికే కాదు, మనుషుల్లోకే రాడని.

పండగ ముందు పల్లెలో ఇళ్లకు సున్నం కొట్టారు, అరుగులకు ఎర్రమట్టి పూశారు, మా ఇల్లు ఒక్కటే పాత రంగులో ఉండిపోయింది. యుద్ధం రోజులు, కిరసనాయిలు కరువు. గుడి ముందు కట్టిన కాగితపు నక్షత్రంలో దీపం పెట్టలేదు. చావు ఇంట్లో మూకుడు పెట్టరు గనుక ఇరుగుపొరుగువాళ్లు అరిసెలు తెచ్చి ఇచ్చారు, నాయన తల్లి, మా అవ్వ, వాటిని ఉట్టిలో పెట్టి అక్కకూ నాకూ ఒక్కొక్కటి తీసి ఇచ్చేది. ఆ వారంలోనే గుంతలో మంచి పొర తగిలి రాయి ఎక్కువగా పైకి వచ్చింది. గని యజమాని సావుకారు బండి దిగి చూసి వెళ్తూ అన్నాడట: "మీ పండగకు నేను అడ్డం రాను గాని, రాయికి పండగ తెలీదు గదప్పా." నాయన ఎవరూ అడగకముందే తానుంటానన్నాడు. ఈ ఏడు నీకెందుకన్నా, నేనుంటాలే అని చిన్నాయన ఎంత బతిమాలినా వినలేదు.

అవ్వ ఊరుకోలేదు.

"ఏందిరా, దేవుని మీద అలిగినావా? అలిగేదేదో కూటి మీద అలుగు, ఆకలైతే దిగొస్తావు."

"అలక ఏందమ్మా. రాయి ఎండిపోతాది."

"రాయి ఎండేది కనపడతాది నీకు. నువ్వు ఎండిపోతాండేది మాకు కనపడదనుకున్నావా?"



పండగనాడు అమ్మ మాకు ఉతికిన పాత బట్టలే వేసి, తల దువ్వి, అవ్వ చేతికి అప్పగించింది. గుడి దారి మలుపు దగ్గర అందరూ అటు తిరిగితే, అమ్మ ఒక్కతే చంకన ఖాళీ కడవతో గని వైపు తిరిగింది. అక్కా నేనూ అవ్వ చెయ్యి విడిపించుకుని వెనకాలే పరుగెత్తాం. నాయన గుంత అంచున కూర్చుని గోనెల మీద ముంతతో నీళ్లు చల్లుతున్నాడు. అమ్మ కడవ ఆయన పక్కన దించింది.

"లెయ్యి."

"ఏందే, ఇట్లొచ్చినావు? గుడికి పోలేదా?"

"నువ్వు పో. రాయి ఎండకుండా నేను చూస్తా."

"రాళ్ల సంగతి నీకేం తెలుసు?"

"నీళ్లు పొయ్యను రాదా నాకు? ఇన్నేండ్లు నీ తలకు పోసినదాన్ని."

మామూలు రోజుల్లో అయితే నాయన నవ్వేవాడే. ఇప్పుడు గోనె అంచు సర్దుతూ, నీళ్లకు గుంతలోకి దిగాల్సి వస్తాదే అన్నాడు, గొంతు తగ్గించి.

"దిగుతా. వాడి దగ్గర నేనుంటాలే. నువ్వు ఈ పిల్లోళ్లను తీసుకొని పో."

అమ్మ కడవ తీసుకుని మెట్లు దిగింది. అన్న పోయిన తర్వాత ఆమె ఆ గుంతలో కాలు పెట్టడం అదే మొదలు. నిండు కడవతో మళ్లీ పైకి వచ్చేదాకా నాయన నిలబడి చూశాడు. ఆ తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని మా చేతులు పట్టుకున్నాడు. ఆయన చేతులు నీళ్లలో నాని చల్లగా, ముడతలుగా ఉన్నాయి. 

మేము చేరేసరికి పాట మొదలైంది. నాకు గుర్తున్నంతవరకు నాయన మమ్మల్ని లోపలికి పంపి, తాను గడప బయటే ద్వారబంధం మీద చెయ్యి వేసి ప్రార్థన అయ్యేదాకా నిలబడ్డాడు. అక్క ఒప్పుకునేది కాదు. లోపలికి వచ్చి కిటికీ కింద కూర్చున్నాడనీ, చిన్నాయన జరిగి పక్కకు వచ్చాడనీ అనేది. జీవితమంతా ఈ ఒక్క సంగతి మీద మేమిద్దరం తగువు పడ్డాం. కలిసినప్పుడల్లా, చివరికి ఆసుపత్రి మంచం మీద కూడా, నీకు అప్పటినుంచే చూపు ఆనదు అని నన్ను ఎగతాళి చేసేది.

ఆ ఒక్క ఏడుతో అది ఆగలేదు. నేను టీచరు ట్రైనింగుకు పోయేదాకా ప్రతి క్రిస్మస్‌కూ నాయన గుడికి వచ్చాడు, మెల్లమెల్లగా మనుషుల్లోనూ పడ్డాడు, అమ్మ గుంత దగ్గర రాళ్లు తడుపుతూ కూర్చుంది. పల్లెలో అందరికంటే ఎక్కువ పాటలు వచ్చింది ఆమెకే. గుడి అయ్యగారు ఒకసారి అడిగితే, రాయి ఎండిపోతాదయ్యా అని నాయన మాటే చెప్పింది. ఆయనను గుడికి పంపడానికే అక్కడ కూర్చుందా, లేక గుడికి రాలేక తానూ అక్కడ కూర్చుందా అన్నది మా ఇద్దరిలో ఎవరమూ అడగలేదు. అక్క మొదటిదే నిజమనేది. నాకు అంత నమ్మకం లేదు.

నేను పిల్లలకు అక్షరాలు దిద్దించిన పలకలు ఇప్పుడు బళ్లలో కనపడవు. ఆ గుంత నిండా నీళ్లు, అంచున తుమ్మచెట్లు. మా నాయన పని తెలిసినవాళ్లు మా పల్లెలో ఎవరూ మిగల్లేదు.

మైకులో పాట ఆగి ప్రసంగం మొదలైంది. నేను అరుగు మీదనుంచే పైకి కేక వేశాను, నువ్వు పోలేదేమమ్మా అని.

"ఆయన్ను పంపిచ్చినా అవ్వా. తడి ఆరితే స్లాబు బీటలిస్తాదంట."

"నువ్వూ పోయిరా. నేను పోస్తాలే."

ఆమె పైపు పట్టుకునే నవ్వింది. "నువ్వా అవ్వా? ఈ నిచ్చెన ఎక్కేలోపల నీకు మళ్లీ పండగొస్తాది."

నిజమే. నేనూ నవ్వాను. నవ్విన తర్వాత తోచింది, నువ్వు పోయిరా, నేను పోస్తాలే అని మా అమ్మతో ఎవరూ అనలేదని. నాయన అనలేదు, పల్లెలో ఎవరూ అనలేదు. అని ఉంటే కడవ దించి గుడికి వచ్చేదో, నువ్వే పోవయ్యా అని అక్కడే కూర్చునేదో నాకు తెలియదు. అక్క ఉంటే, అమ్మ తప్పకుండా వచ్చేదని వాదించేది. నేను కాదనడానికి ఇప్పుడు ఎవరూ లేరు.