బియ్యంలో తెల్లరాయి

మా అమ్మాయి మామోగ్రాం తీయించుకొని వచ్చి, "అంతా క్లియరే అమ్మా, గడ్డలేమీ లేవు" అంది. ఆ మాటే డైరీలో రాసుకున్నాను. మా అక్క రొమ్ము క్యాన్సర్‌తోనే పోయింది. అందుకే ఆ పరీక్ష.

మర్నాడు ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో తన పేరున ఇంకో టెర్మిన్ కనిపించింది. అపాయింట్‌మెంటును ఇక్కడ జర్మనీలో అలాగే అంటారు. నేను లెక్కల టీచరుగా రిటైరయ్యాను. జవాబు ఒప్పయినా మధ్యలో మెట్లు లేకపోతే నాకు అనుమానమే.

"అంతా క్లియరైతే మళ్లీ ఎందుకే?"

"డెన్సిటీ ఎక్కువుందట. అల్ట్రాసౌండ్ చేస్తారు, ఊరికే."

"ఈ దేశంలో ఊరికే టెర్మిన్ ఎవరిస్తారే? అవసరమున్నవాళ్లనే నెలలు తిప్పుతారు!"

"అబ్బా, మొదలెట్టేశావా!"

పట్టుబట్టి వెంట వెళ్లాను. డాక్టరమ్మ జర్మన్‌లో చాలాసేపు మాట్లాడింది. మా అమ్మాయి నావైపు తిరిగి, "ఏం ఫర్వాలేదంటోంది" అంది.

"ఆవిడ అంతసేపు మాట్లాడితే నువ్వు చెప్పేది రెండు ముక్కలా? మిగతాది ఎక్కడ దాచావ్?"

నేనేమన్నానో అడిగి తెలుసుకొని డాక్టరమ్మ నవ్వింది. తెర నావైపు తిప్పి, ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. ఎవరిదో బొమ్మ ఒకటి చాలావరకు నల్లగా ఉంది. అది కొవ్వట. పక్కన మా అమ్మాయిది దాదాపు అంతా తెలుపే. అది పాలగ్రంథులు, వాటిని పట్టి ఉంచే పీచులాంటి కణజాలం. ఆ తెలుపు ఎక్కువుంటేనే డెన్సిటీ ఎక్కువ అంటారట, అది ఎంత మేర ఉందో చూసి నాలుగు తరగతులు చేస్తారట. మా అమ్మాయిది నాలుగోది, అన్నిటికన్నా తెలుపు ఎక్కువున్నది. అలాంటివాళ్లకు క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువట. పైగా గడ్డ ఉంటే అదీ తెల్లగానే కనిపిస్తుందట.

బియ్యంలో నల్లరాయిని ఎవరైనా ఏరతారు. తెల్లరాయి పంటి కిందకు వచ్చేదాకా తెలియదు.

"మరి గడ్డలేమీ లేవన్నావే?"

"ఆ బొమ్మలో కనిపించలేదనీ..." అంది మెల్లగా. చెయ్యి పట్టుకున్నాను. మంచులా ఉంది.

అల్ట్రాసౌండ్‌లోనూ ఏమీ కనిపించలేదు. ఏడాదికి మళ్లీ రమ్మన్నారు.

ట్రామ్‌లో, "ఇప్పుడైనా నమ్ముతావా?" అంది.

"డాక్టరమ్మను నమ్ముతాను. నీ తర్జుమానే నమ్మను."

నవ్వింది. ఆ పరీక్షకు వెళ్లొచ్చాక అదే మొదటిసారి నవ్వడం.

ఇంటికి రాగానే డైరీలో పాత పేజీ తీసి, "లేవు" కొట్టేసి "కనిపించలేదు" అని దిద్దాను. వచ్చే ఏడాది టెర్మిన్ మా అమ్మాయి క్యాలెండర్‌లో నా చేతే రాయించింది.