రోజు లేని వాయిదా

మా సీనియర్ గారు పోయారని మంగళవారం పొద్దున కోర్టు వరండాలో గుమాస్తా చెప్పాడు. కాసేపు కూర్చుండిపోయాను. ఆ వేళ నాకు ఆరు వాయిదాలున్నాయి. లేచి వెళ్లక తప్పలేదు.

డెబ్బైల చివర్లో ఆయన దగ్గర జూనియర్‌గా చేరాను. ఆడపిల్లనని మిగతావాళ్లు వెనకాడుతుంటే ఆయన అడిగింది ఒక్కటే. "ఓపికుందా అమ్మా?"

ఆ ఏడాదే భీమిలి మనిషి కేసు వచ్చింది. పోర్టులో ఓడల నుంచి సరుకు దించే వించ్ నడిపేవాడు. ఒక ప్రైవేటు కంపెనీ పనిలోంచి తీసేస్తే కోర్టుకెక్కాడు. అలాంటి కేసే హైకోర్టులో ఉందని, అది తేలేదాకా జడ్జి గారు దీన్ని 'సైన్ డై' వాయిదా వేశారు. "కబురు చేస్తాం" అని అతన్ని పంపేశాను.

అయినా ప్రతి సోమవారం మొదటి బస్సుకే వచ్చి వరండాలో నిలబడేవాడట. నాలుగో వారం సీనియర్ గారి కంటపడ్డాడు.

"ఏటి, ఇలాగొచ్చావు?"

"ఇయ్యాల పిలుత్తారేమోనని బాబూ. జడ్జిగారు 'డై' అన్నారు గదా, కేసు సచ్చిపోనాదని మావోళ్లంటన్నారు. నిజివేనా?"

ఆయన అతన్ని బల్ల మీద కూర్చోబెట్టారు. పాద్రీ కావాలని చిన్నప్పుడు చర్చి బడిలో లాటిన్ చదివిన మనిషి ఆయన.

"అది ఇంగ్లీషు సావు కాదురా. పాతకాలం రోము వాళ్ల మాట. సినే అంటే లేకండా, దియే అంటే రోజు. రోజు సెప్పకండా ఆపినారు, అంతే. కేసు బతికే ఉంది."

"రోజే నేకపోతే బతికున్నట్టెలాగ బాబూ?"

 అతను వెళ్లాక సీనియర్ గారు నాతో అన్నారు. "అర్థం కాని మాట చేతిలో పెట్టి మనిషిని పంపేస్తే ఎలాగమ్మా?" నాకు తల ఎత్తాలనిపించలేదు.

ఆ తర్వాత మూడు నెలలకోసారి, వాయిదాకి రోజు వేయమని పిటిషన్ పెట్టేవాళ్లం. కోర్టు కొట్టేసేది. మళ్లీ రాయమనేవారు. ఒకసారి విసుగొచ్చి, "ఎలాగూ కొట్టేస్తారు కదండీ" అన్నాను.

"కొట్టేసే రోజైనా ఆడికో రోజే కదమ్మా. పేరు పిలుస్తారు."

మూడేళ్లకు హైకోర్టులో తేలింది. మా కేసు పిలిచారు, గెలిచాం. అప్పటికే అతని చేతులు వణుకుతున్నాయి. వించ్ పని ఇక ఇవ్వలేమని, గేటు కాపలా ఇస్తామని కంపెనీ చెప్పింది. అతను ఒప్పుకున్నాడు. సీనియర్ గారు సంతోషపడినట్టు కనబడలేదు. "గెలిసేం. అలిసిపోయేం కూడానమ్మా" అన్నారు.

ఆ సాయంత్రం ఇద్దరం అతన్ని బస్సెక్కించాం. బస్సు మలుపు తిరిగి కనుమరుగైపోయింది. నల్లకోటు చంకన పెట్టుకుని, ఎత్తిన చెయ్యి దించకుండా ఆయన ఆ దుమ్ములో చాలాసేపు నిలబడే ఉన్నారు.